బుట్ట కింది గచ్చు

పాల్మాకులలో ఓ పాతికిళ్ళలో గచ్చు మీద చాప లేకుండానే కూర్చోబుద్ధవుతుంది. ఎండాకాలంలో కూడా చల్లగా, చెయ్యి పెడితే జారిపోయేంత నున్నగా ఉంటాయా ఇళ్ళు. ఎవరు చేశారని అడిగితే ఇంటివాళ్ళు కాస్త గొప్పగానే చెప్తారు, "మా మొగులయ్య మేస్త్రీ" అని. ఇప్పుడందరూ టైల్స్ వేయించుకుంటున్నారు, అది వేరే సంగతి. నన్నడిగితే టైల్స్ మీద కాలు పెట్టినప్పుడల్లా ఎవరి దవాఖానలోకో వచ్చినట్టుంటుంది.

మొగులయ్యది వ్యవసాయం చేసుకునే ఇల్లే. బోరు ఎండిన ఏడు, పదిహేడేళ్ళ వయసులో, కాటేదాన్‌లో షెడ్లు కట్టేచోట తట్టలు మోయడానికి పోయాడు. తట్ట నుంచి తాపీకి రావడానికి ఆరేళ్ళు పట్టింది. గోడలు అందరిలాగే కట్టేవాడు. గోడకు సిమెంటు పూసే గిలాబు పనీ అందరిలాగే చేసేవాడు. గచ్చు దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆ మనిషికి పూనకం వచ్చేది. తడి ఆరుతున్న వేళ మిగతా మేస్త్రీలు బీడీ ముట్టించుకుని గోడకు ఆనుకుంటే, ఇతను మోకాళ్ళ కింద గోనెపట్టా వేసుకుని, సిమెంటు పొడి చల్లుకుంటూ, ఇనుప పలకతో రుద్దుతూనే ఉండేవాడు. రుద్దడం, అరచేత్తో నిమిరి చూడడం, ఎక్కడో ఆవగింజంత గరుకు తగిలితే మళ్ళీ రుద్దడం. నోట్లో నాలుక లేని మనిషి. కూలి తక్కువిచ్చినా ఊరుకునేవాడు. గచ్చు బాగులేదంటే మాత్రం రెండు రోజులు అన్నం సరిగ్గా తినేవాడు కాదు.

రెండువేల ఎనిమిదిలో విమానాశ్రయం తెరిచాక చుట్టుపక్కల ఊళ్ళలో కిరాయి గదులు పుట్టగొడుగుల్లా లేచాయి. మొగులయ్యకు పనికి కొదవ లేకుండా పోయింది. భార్య చంద్రమ్మ, ఒక్కతే కూతురు అఖిల. పిల్ల తండ్రిలాగే పొడుగు. ఎనిమిదో తరగతికే తల్లి నెత్తి మీదుగా చూసేది.

రెండేళ్ళ తర్వాత, శంషాబాద్ పోయే తోవలో ఉన్న ఒక ట్రస్టు బడికి పూర్ణిమ అనే ఆటల టీచరు వచ్చింది. తెనాలి వైపు మనిషి. వచ్చిన మూణ్ణెల్లకే మేనేజిమెంటు వెంటపడి బాస్కెట్‌బాల్ కోర్టు మంజూరు చేయించింది. అఖిల చదివేదీ ఆ బళ్ళోనే కాబట్టి పని మొగులయ్యకు దొరికింది.

"మేస్త్రీ గారూ, ఇది ఇంటి గచ్చు కాదు. తడి ఆరకముందే చీపురుతో అడ్డంగా గీతలు గీయండి. గరుకుగా ఉండాలి" అని పూర్ణిమ ఒకటికి రెండుసార్లు చెప్పింది.

"సరే మేడం" అన్నాడు మొగులయ్య. అన్నాడు గానీ, చీపురు గీసిన ప్రతిసారీ అతని ప్రాణం విలవిల్లాడింది. పశువుల కొట్టం కూడా ఇంతకంటే శుభ్రంగా చేస్తాడతను. అయినా చెప్పినట్టే చేశాడు. పదకొండు రోజులు ముక్క తర్వాత ముక్క పోసుకుంటూ, గీతలు గీసుకుంటూ వచ్చాడు. ఆఖరి రోజు మిగిలింది బంతి వేసే బుట్టల్లో ఒకదాని కింది జాగ, రెండు మంచాలు పట్టేంత.

ఆ మధ్యాహ్నం అఖిల అన్నం టిఫిను తెచ్చింది. తడి కాంక్రీటు అంచున నిలబడి, పైన బిగించిన ఇనుప బుట్ట వంక మెడ ఎత్తి చూసి, "బాపు, నేను ఈడనే ఆడుత. గీడికెళ్ళే ఎగిరి ఏస్త" అంది.

అంతే. పిల్ల వెళ్ళిపోయాక చీపురు తీసి పక్కన పడేశాడు. గోనెపట్టా వేసుకుని కూర్చున్నాడు. బిడ్డ ఆడబోయే జాగ అది, దాన్ని కొట్టంలాగా ఎట్లా వదిలేస్తాడు? పొద్దు వాలేదాకా రుద్దాడు. పాల్మాకులలో ఏ ఇంటికీ అంత నున్నటి గచ్చు చేసి ఉండడు. పూర్ణిమ అప్పుడు ఊళ్ళో లేదు. ఆమె వచ్చేలోపు ఆ జాగకు ఎర్ర రంగు, దాని చుట్టూ తెల్ల గీతలు పడ్డాయి. రంగు కింద ఏముందో మొగులయ్యకు తప్ప ఎవరికీ తెలియదు. కొన్నాళ్ళకు అతనికీ గుర్తు లేదు.

అఖిల అన్న మాట నిలబెట్టుకుంది. జిల్లా జట్టులోకి వచ్చింది. రెండువేల పన్నెండులో, ఇంటర్‌లో చేరిన ఏడు, రాష్ట్ర జట్టు ఎంపికకు పిలుపొచ్చింది. ఎంపిక ఇంకా పది రోజులుందనగా, డిసెంబరులో ఒక పొద్దున, పాత బడి కోర్టులో పూర్ణిమ దగ్గర సాధన చేస్తూ ఎర్ర రంగు జాగలో ఎగిరి బంతి వేసి దిగింది. మామూలుగా నేల ఆరాకే ఆడేవాళ్ళు, ఎంపిక దగ్గరపడిందని ఆ వేళ పొద్దున్నే మొదలుపెట్టారు. రాత్రి కురిసిన మంచు ఇంకా ఆరలేదు. కాలు ముందుకు పోయింది, ఒళ్ళు వెనక్కి పోయింది. మోకాలిలో ఏదో టప్పుమన్న చప్పుడు పక్కనున్న పిల్లలకు కూడా వినబడిందట.

లోపలి లిగమెంటు తెగిందన్నారు పట్నం దవాఖానలో. ఆపరేషనయ్యింది. కాలికి తొడ నుంచి పిక్కదాకా బెల్టు వేసి ఇంటికి పంపారు. నడక వస్తుంది, ఏడాది ఓపిక పడితే ఆట కూడా రావచ్చు, అది ఆ పిల్ల మనసు మీద ఆధారపడి ఉంటుందన్నాడు డాక్టరు.

పిల్ల మనసు మాత్రం బాగులేదు. గోడకేసి తిరిగి పడుకునేది. చూడ్డానికి వచ్చిన పూర్ణిమ ఒక పెన్‌డ్రైవ్ ఇచ్చి వెళ్ళింది. అందులో పన్నెండు భాగాల డాక్యుమెంటరీ ఉంది. ఎక్కడో మంచు కురిసే దేశంలో ఒక చిన్న ఊరి ఆడపిల్లల బాస్కెట్‌బాల్ జట్టు, ఏడాది పొడుగునా వాళ్ళ వెంట కెమెరా పెట్టుకుని తిరిగి తీసింది.

"రోజుకొకటి చూడమ్మా. వాళ్ళు ఎలా ఎగురుతున్నారో అందరూ చూస్తారు. నువ్వు ఎలా దిగుతున్నారో చూడు" అంది పూర్ణిమ.

మంచి మాటే. కానీ అఖిల చెవికి అది ఇంకోలా వినబడింది. అంటే తను దిగిన తీరే తప్పన్నమాట. జారడం, మంచు, అన్నీ సాకులు. మడమ ముందు పెట్టింది, మోకాలు వంచలేదు, రాష్ట్ర జట్టు పోగొట్టుకుంది. ఆ మాట తనకు తానే అంత గట్టిగా చెప్పుకుంది.

ఫిబ్రవరి నెల. కరెంటు పొద్దున పోతే మళ్ళీ రెండింటికి వచ్చేది. రెండింటికి అఖిల టీవీ కింది డీవీడీ డబ్బాకు పెన్‌డ్రైవ్ పెట్టేది. మొగులయ్య ఆ నెలంతా ఊళ్ళో పనులే ఒప్పుకుని, రెండు కొట్టేసరికి చేతులు కడుక్కుని ఇంటికి వచ్చేవాడు. కూలీలకు ఎండ వంక చెప్పేవాడు. ఫిబ్రవరిలో అంత ఎండ ఎక్కడిదో వాళ్ళూ అడగలేదు. బిడ్డ మంచం పక్కన, తను చేసిన గచ్చు మీదే కూర్చునేవాడు. చంద్రమ్మ కూడా చిక్కుడుకాయలకు నార తీసుకుంటూ గడప దగ్గర చేరేది.

"గా పొడుగు పోరికి ఇంట్ల తిండి పెడుతలేరా ఏంది? బొక్కలు తేలినయ్" అనేది.

"ఆమెనే కెప్టెన్ అమ్మా."

"కెప్టెనైతే తినొద్దా?"

పావుగంటకో విమానం ఇంటి మీదుగా కిందికి దిగేది. టీవీలో మాట ఒక్కటి వినబడేది కాదు. అఖిల రిమోటు నొక్కి ఆపేది. తెర మీద ఆ పిల్లలు బంతితో సహా గాలిలో అలాగే నిలబడిపోయేవారు. విమానం దాటాక మళ్ళీ నొక్కితే కిందికి దిగేవారు. ఆ దిగడాన్ని అఖిల రెండు మూడుసార్లు వెనక్కి తిప్పి చూసేది. ఒళ్ళో నోటుపుస్తకం. ఎవరు ఏ కాలు ముందు పెట్టారు, మోకాలు ఎంత వంచారు, అన్నీ రాసుకునేది. ఒక పక్క వాళ్ళ దిగుడు, ఇంకో పక్క తనకు గుర్తున్న తన దిగుడు.

ఇంగ్లీషు మాటలు మొగులయ్యకు తెలియవు. అఖిల తనకు అర్థమైనంత చెప్పేది. అతని చూపు మాత్రం ఆటగత్తెల కాళ్ళ కిందే ఉండేది.

"అది చెక్క గచ్చా బిడ్డా?"

"అవు బాపు, చెక్కనే."

"నున్నగ మెరుస్తున్నది గద."

"మెరుస్తది గని జారది. దానికి ఏదో పూత ఏస్తరట."

నాలుగో భాగంలో ఆట మంచి ఊపు మీద ఉండగా ఈల వేసి ఆపేశారు. ఇద్దరు మనుషులు బట్టలు పట్టుకుని పరుగెత్తుకొచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని బుట్ట కింద తుడిచారు. వేలమంది జనం ఊరికే కూర్చుని ఆ తుడవడాన్ని చూస్తున్నారు.

"ఏం పోయింది? ఏం ఎతుకుతున్నరు?" అన్నాడు మొగులయ్య.

"ఏం పోలే బాపు. చెమట చుక్క పడ్డది. ఒక్క చుక్క పడ్డా ఆట ఆపుతరు. కాలు జారి మోకాలు పోతదని."

మొగులయ్య చూపు తెర మీంచి తను కూర్చున్న నున్నటి గచ్చు మీదికి దిగింది. రెండేళ్ళ కిందటి పొద్దువాలిన వేళ, గోనెపట్టా, ఇనుప పలక, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందుకొచ్చాయి.

తెల్లారి మంచం కింద కాగితంలో చుట్టి పెట్టిన అఖిల బూట్లలో ఒకటి తీసుకుని, సీసాతో నీళ్ళు పట్టుకుని కోర్టుకు పోయాడు. ముందు గీతలున్న చోట నీళ్ళు పోసి, బూటును చేత్తో అదిమి తోశాడు. కదల్లేదు. తర్వాత ఎర్ర రంగు మీద పోసి తోశాడు. సబ్బు మీద పెట్టినట్టు చేతిలోంచి జారి మూరెడు దూరం పోయింది. అంతకీ నమ్మబుద్ధికాక గోరుతో రంగు గీకాడు. కింద నల్లగా, నున్నగా తళతళలాడింది. తన చేతిపని తనకు తెలియదా? ఆ నున్నదనాన్ని చూసి అతనికి జీవితంలో మొదటిసారి అసహ్యం వేసింది.

ఇంటికొచ్చి చంద్రమ్మతో చెప్పాడు. ఆమె చిక్కుడుకాయల చాట పక్కకు జరిపింది.

"పోరికి చెప్పకు" అంది. "చెప్తె కాలు మల్ల మొదటిలెక్క అయితదా? ఉన్న ఒక్క బిడ్డ. నీ మొకం సూడకుంట అయితె ఏం జేస్తవ్?"

చెప్పలేదు. అయిదో భాగం చూశాడు. ఆరు చూశాడు. ఏడు, ఎనిమిది కూడా బిడ్డ పక్కనే కూర్చుని చూశాడు. ఏం చూశాడో అడిగితే చెప్పలేడు. పక్కన నోటుపుస్తకంలో పెన్ను గీరుకునే చప్పుడు ఒక్కటే వినబడేది. చెప్దామని నోరు తెరిచేవాడు, విమానం వచ్చేది, అది పోయేసరికి ధైర్యమూ పోయేది. చెప్పకపోవడానికి విమానం ఒక సాకు. అసలు భయం చంద్రమ్మ చెప్పిందే.

ఎనిమిదో భాగం అయిపోయాక అఖిల పుస్తకం మూసి, "పన్నెండోది అయినంక మేడంకు చెప్త, ఇగ ఆడనని" అంది.

"ఎందుకు బిడ్డా? డాక్టరు ఆడొచ్చన్నడు గద."

"కాలు బాగైతది బాపు. కానీ దిగుడు రాకపోతె ఏం ఫాయిదా? ఎనిమిది చూసిన. నా లెక్క దిగినోళ్ళు ఒక్కరు లేరు. మల్ల ఎగిరితె మల్ల పడుత."

ఆ రాత్రి మొగులయ్యకు నిద్ర పట్టలేదని వేరే చెప్పాలా?

తొమ్మిదో భాగంలో ఆ పొడుగు పిల్ల, కెప్టెన్, ఆటలో పడిపోయింది. మోకాలు పట్టుకుని అరిచింది. ఇద్దరు భుజాల మీద మోసుకుపోయారు. తర్వాత ఒక గదిలో ఒంటరిగా కూర్చుని, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. చంద్రమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

అఖిల ఏడవలేదు. "ఆమెను పక్కటీము పోరి తోసింది. ఆమె తప్పేం లేదు" అంది. "నన్నయితె ఎవరు తోసిన్రు?" అంటూ పిడికిలి బిగించి, ఆపరేషనయిన మోకాలి మీద ఒకటి, రెండు, మూడు దెబ్బలు కొట్టుకుంది.

మొగులయ్య ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"నేను తోసిన బిడ్డా."

అఖిల అర్థంకాక చూసింది. చంద్రమ్మ, "ఏమయ్యా" అని వారించబోయింది. అతను ఆగలేదు. ఆగితే మళ్ళీ నోరు పెగలదని తెలుసు. మేడం గరుకుగా చెయ్యమన్న సంగతి, చీపురు పడేసిన సంగతి, పొద్దు వాలేదాకా రుద్దిన సంగతి, బూటు తీసుకుపోయి నీళ్ళు పోసి చూసిన సంగతి, వరసగా చెప్పాడు. జన్మలో అన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడి ఎరగడు.

"నువ్వు దిగుడు మంచిగనే దిగినవ్. ఆడ ఎవలు దిగినా జారుదురు. తప్పు నీ కాలుది కాదు బిడ్డా, నా చేతిది."

అఖిల చెయ్యి వెనక్కి తీసుకుంది. ఒక్కటే అడిగింది.

"నీకెప్పుడు ఎరుకైంది?"

"నాలుగోది చూసిన తెల్లారి."

"నాలుగోది" అంది అఖిల. వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. "అయిదు, ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది. గిన్ని రోజులు నా పక్కన్నే కూసున్నవ్. నేను రాసుకుంట ఉంటె చూసినవ్. ఒక్క మాట చెప్పలే."

అఖిల కర్ర పట్టుకుని లేచింది. పెన్‌డ్రైవ్ పీకి నోటుపుస్తకంలో పెట్టి మూసేసింది. మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. ఆ రోజు నుంచి తండ్రితో మాట్లాడలేదు. అన్నం తల్లినే అడిగి పెట్టించుకునేది. మొగులయ్య లోపలికి వస్తే కళ్ళు మూసుకునేది.

అతను ఎవరినీ బతిమాలలేదు. బడికి పోయి పూర్ణిమ ముందు నిలబడి అంతా చెప్పాడు. ఆమె మొహం మొదట ఎర్రబడింది, తర్వాత వాడిపోయింది.

"రంగు వేసేశారని నేనూ పరీక్షించలేదు మేస్త్రీ గారూ. ఆ మంచు రోజు ఆడించిందీ నేనే. పైగా దిగడం చూడమని ఆ పిల్లకే చెప్పాను" అని, "ఏం చేద్దామంటారు?" అని అడిగింది.

"నేనే కొడ్త మేడం. ఇంకొకల్ల చెయ్యి పడొద్దు."

ఉలి, సుత్తి పట్టుకుని పోయాడు. పొద్దుటి పని చేసుకుని, రెండు కొట్టేసరికి కోర్టు దగ్గరుండేవాడు. ఇంతకుముందు టీవీ ముందు కూర్చున్న వేళ అది. అదే గోనెపట్టా మోకాళ్ళ కింద వేసుకుని, ఎర్ర రంగు మీద ఉలి ఆనించి, ఒక్కో గాటు కొట్టుకుంటూ జరిగేవాడు. మిషను పెడితే ఒక పూట పని. అతను మిషను పెట్టలేదు. తను ఒక సాయంత్రం నున్నగా చేసిన జాగను చేత్తో గరుకు చెయ్యడానికి ఎన్నాళ్ళు పడితే అన్నాళ్ళు పట్టనీ అనుకున్నాడు. కాంక్రీటు పొడి కళ్ళలో పడేది. అరచేతులు బొబ్బలెక్కాయి. గచ్చు నిమిరి నిమిరి మెత్తబడ్డ చేతులవి.

ఆరో రోజు ఆదివారం. బళ్ళో ఎవరూ లేరు. దెబ్బకూ దెబ్బకూ మధ్య వెనకాల ఏదో చప్పుడు వినిపించింది. కర్ర ఆనించుకుంటూ ఎవరో నడిచి వస్తున్న చప్పుడు. తిరిగి చూస్తే అఖిల. ఆటోలో వచ్చినట్టుంది, ఇక్కడి సంగతి చెప్పి తీసుకొచ్చిన చంద్రమ్మ గేటు దగ్గర నిలబడి ఉంది. పిల్ల కాళ్ళకు బూట్లున్నాయి. డిసెంబరు తర్వాత అవి వేసుకోవడం అదే మొదలు.

మొగులయ్య లేవబోయి, లేవాలో వద్దో తెలియక, అలాగే మోకాళ్ళ మీద ఉండిపోయాడు.

అఖిల అతని వంక చూడలేదు. భుజానికున్న సంచిలోంచి నీళ్ళ సీసా తీసింది. మూత విప్పి ఎర్ర జాగంతా నీళ్ళు చల్లింది. కర్ర మీద బరువు వేసి, బాగున్న కాలి బూటును నేలకు అదిమి, ముందుకు తోసి చూసింది. ఒకచోట ఆగింది. ఇంకోచోట ఆగింది. బుట్టకు సరిగ్గా కిందా, ఒక మూలకూ, అతను ఇంకా పూర్తి చెయ్యని చోట్ల, సర్రున పోయింది. పిల్ల తూలింది. మొగులయ్య రెండు చేతులూ చాచాడు. ఆమె కర్ర ఆనించి తనే నిలదొక్కుకుంది.

సంచిలోంచి సుద్దముక్క తీసింది. వంగలేక, తండ్రి ముందు చెయ్యి చాపి ఇచ్చింది.

"గీడ జారుతున్నది. గీడ, గా మూలకు. గీత గియ్యి."

అతను గీశాడు.

"మిగిలిన కాడ గీ గరుకు చాలునా బిడ్డా?" అన్నాడు. తొమ్మిదో భాగం తర్వాత ఆమెతో అన్న మొదటి మాట అదే.

"ఎట్ల చాలుతది?" అంది అఖిల. గొంతులో కోపం అలాగే ఉంది, కళ్ళలో నీళ్ళూ ఉన్నాయి. "ఇంకా కొట్టు. ఉత్తగ నడిస్తెనే జారుతున్నది. రేపు నేను గంత పైకెళ్ళి దిగాల్నంటె ఇంకెంత గరుకుండాలె?"

మొగులయ్య తల పైకెత్తి బుట్ట వంక చూశాడు. తర్వాత గోనెపట్టాను సుద్దగీత దగ్గరికి జరుపుకుని, ఉలి ఆనించాడు. అఖిల కర్ర మీద వాలి, అతను కొట్టేది చూస్తూ అక్కడే నిలబడింది.